నక్క కరిస్తే కుక్క అని చెప్పాను

ముప్పై ఒక్క ఏళ్లు చెరుకు తోటల్లో ఉద్యోగం చేసి, నక్కను కళ్లారా చూసింది మొత్తం నాలుగుసార్లు. అడవిపందిని రెండుసార్లు. ఏదుపందిని ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట చెబితే మా వీధి పిల్లలు నమ్మరు. రోజూ వాటి మధ్యనే తిరిగి చూడకపోవడమేమిటి తాతా అంటారు. వాటిది రాత్రి డ్యూటీ, నాది పగటి డ్యూటీ అని చెబుతాను. నేను తోటలోకి దిగేసరికి అవి పడుకునేవి.

నేను చెరుకు ఫ్యాక్టరీలో ఫీల్డుమన్‌ని. ఏ ఫ్యాక్టరీ అన్నది ఇక్కడ అవసరం లేదు, బోధన్ చుట్టుపక్కల అనుకోండి చాలు. పన్నెండు ఊళ్లు నా కింద ఉండేవి. ఒక పాత లూనా మీద తిరిగి ఎవరి తోట ఎప్పుడు నాటారు, ఎప్పుడు పక్వానికొస్తుంది అని రాసుకోవడం, కోతల కాలంలో ఏ తోట ఏ రోజు నరకాలో చీటీ రాసి ఇవ్వడం నా పని. దాన్ని కటింగ్ ఆర్డర్ అనేవాళ్లం. నా చీటీ లేనిదే తోటలో కత్తి పడకూడదు. ఇరవై ఏడేళ్ల వయసులో పన్నెండు ఊళ్ల రైతులు మన చీటీ కోసం గట్టు మీద నిలబడితే మనిషికి తల కొంచెం తిరుగుతుంది. నాకూ తిరిగింది.

మాది ధర్పల్లి వైపు. మా బాపు కూలిపని చేసి, చర్చి వాళ్ల బడిలో నన్ను చదివించాడు. మా ఇంట్లో నెల జీతం చూసిన మొదటివాణ్ణి నేను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి ఇదొక కారణం. సాకు అని మీరంటే కాదనను.

పొద్దున్నే తోట గట్టు వెంట నడిస్తే రాత్రి ఎవరొచ్చి వెళ్లారో తెలిసిపోతుంది. అడవిపంది దుబ్బును విరిచి, నమిలి, పిప్పిని ముద్దలుగా ఉమ్మేసి పోతుంది. నక్కకు తొందర ఉండదు. మొదట్లో తీపి ఎక్కువున్న కణుపు చూసుకొని కొరికి, మిగతా గడను అలాగే వదిలేస్తుంది. పడిపోయిన గడలను ఎలుకలు గీకుతాయి. ఏదుపంది కత్తితో కోసినట్టు మొదలు దగ్గర కోస్తుంది. పునుగుపిల్లి గింజలతో నిండిన పెంట తెచ్చి సరిగ్గా గట్టురాయి మీద పెట్టిపోతుంది. కరెంటు మోటారు గుడిసె కింద ఎలుకల బొమికలు ఉండలుగా పడి ఉంటే పైన గుడ్లగూబ కాపురమున్నట్టు. రైతు వచ్చి "సార్, పంది మొత్తం ఖరాబు జేసింది" అంటే, నేను వంగి చూసి "పంది కాదు, నక్క" అనేవాణ్ణి. రైతు నా వంక గౌరవంగా చూసేవాడు.

నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ ఎరగనన్నదట. నాకు అప్పటికి నాలుగు సీజన్లు నిండలేదు.

కోతలు కార్తీకం దాటాక మొదలై ఉగాది దగ్గర్లో ముగిసేవి. నరికేవాళ్లు సరిహద్దు అవతలి నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చి, ఊరిబయట చెరుకాకుతో గుడిసెలు వేసుకొని ఉండేవాళ్లు. మొగుడూ పెళ్లామూ కలిసి ఒక జత. ఆ జతను కోయత అంటారు. వాళ్ల చేతిలోని కత్తి పేరు కూడా అదే. ఇద్దరిలో ఒకరు పడకేస్తే రెండోవాళ్ల చెయ్యీ ఆగిపోయినట్టే. నా కింద ఆ ఏడు పనిచేసిన ముఠాలో పన్నెండు జతలున్నాయి. వాళ్ల పెద్దను ముకద్దం అనేవాళ్లం. నలభై దాటిన మనిషి, మాటలు తక్కువ. పెద్దరికం ఉందని కూర్చోకుండా భార్యతో కలిసి తనూ నరికేవాడు. ఆయన భార్యకు మాత్రం మాటలు తక్కువేం కాదు. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, ఎడ్లతో రెండూ. నా లూనా దారిలో ఆగిపోతే గట్టు మీద నుంచే అరిచేది.

"సార్, దాన్ని ఫ్యాక్టరీల పారేసి ఒక ఎద్దును కొనుక్కో. నడుమల ఆగదు, పెట్రోలు అడగదు."

ఈ ముఠాకు ఒక పద్ధతి ఉండేది. తోటను ఎప్పుడూ ఒకే వైపు నుంచి నరుక్కుంటూ పోయేవాళ్లు. ఊరివైపు మొదలుపెట్టి వాగు వైపో, పక్క తోట వైపో జరిగేవాళ్లు. ఆఖరున ఎనిమిదో పదో సాళ్లు మిగలగానే, ఎంత పొద్దున్నా సరే, కత్తులు దించి ఇంటికి పోయేవాళ్లు. ఆ మిగిలిన పట్టీని మర్నాడు పొద్దున నరికేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు ముకద్దాన్ని నిలదీశాను.

"ఇంకా రెండు గంటల పొద్దుంది. ఎందుకు ఆపారు?"

"రాత్రికి తొవ్వ ఇడవాలె సార్. తోట నరుకుతాంటె లోపలున్నయన్ని గా మూలకే జరుగుతయ్. పగటిపూట ఎల్లవు. చీకటైతే పిల్లల్ని నోట కరుసుకొని వాగులకు దిగిపోతయ్. పొద్దుగాల మనం కొట్టుకుంటం."

"ఏమున్నాయి లోపల?"

"ఏమో సార్. అవి మనకు కనవడయి గద."

నాకు అది సోమరితనానికి వేసిన ముసుగులా కనిపించింది. ఆ ఎనిమిది సాళ్ల కోసం మర్నాడు లారీ మళ్లీ రావాలి, సగం లోడుతో పోవాలి. మా కేన్ ఆఫీసరు సగం లోడు లారీని చూస్తే, ఇంట్లో అల్లుడు అలిగినంత బాధపడేవాడు. ఆ బాధను మా మీద దించేవాడు. అయినా రెండు నెలలు నేను ఊరుకున్నాను.

ఫాల్గుణంలో ఒక గురువారం. వాగు ఒడ్డున ఒక రైతుది రెండెకరాల తోట. ఆ రోజు ఫ్యాక్టరీలో చెరుకు లేక గానుగ ఆగింది. ఆగితే సైరను మోగుతుంది, అది విన్న ప్రతి ఫీల్డుమనూ తన లారీలు లెక్కపెట్టుకుంటాడు. మధ్యాహ్నం ఆఫీసరు జీపులో వచ్చి దిగాడు.

"ఏందయ్యా, లారీ సగమే నిండింది? తోట ముందుంది, మనుషులున్నరు. పొద్దు గుంకే లోపల ఈ తోట మొత్తం నా యార్డుల ఉండాలె. నీతోని కాదంటె చెప్పు, అయ్యేటోణ్ణి పెట్టుకుంట."

జీపు వెళ్లాక నేను ముకద్దం దగ్గరికి పోయి, ఇవాళ ఆఖరి సాళ్లు కూడా నరకాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నవాణ్ణి. అందరి ముందు గొంతు పెంచాను. నరకకపోతే ఇకపై కటింగ్ ఆర్డర్ ఇంకో ముఠాకు రాస్తానన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. పని త్వరగా తెమలాలని, సగంమందిని వాగు వైపుకు పంపి, అటు నుంచి కూడా నరుక్కు రమ్మన్నాను. రెండు వైపుల నుంచి నరికితే సగం సమయంలో అయిపోతుంది కదా. లెక్క సరైనదే. ఆ లెక్కలో వాగుకు పోయే దారి మూసుకుపోతుందని నాకు తట్టలేదు.

ముకద్దం కత్తి అందుకొని సాలులోకి దిగాడు. ఆయన భార్య మాత్రం వాగు వైపు పోతూ, "నీ సీటీ నువ్వే సదువుకో సార్, తోటకు సదువు రాదు" అని ఒక మాట విసిరింది.

నాలుగు సాళ్లు మిగిలేసరికి లోపల ఆకు కదలడం అందరికీ వినిపించింది. ముందు ఒక కుందేలు ఉరికింది, ఆడవాళ్లు నవ్వారు. ఆ వెనకే ముకద్దం భార్య కేక. చెరుకు నరికేటప్పుడు ఎడమ చేత్తో గడను పట్టుకొని నేలకంటా వంగుతారు. ఆ వంగిన చేతి మణికట్టునే నక్క పట్టింది. పట్టి వదిలి, మా అందరి కాళ్ల మధ్య నుంచే దూసుకొని వాగులోకి దిగింది. నేను కళ్లారా చూసిన నాలుగు నక్కల్లో అది మూడోది. తోక కింద ఈడ్చుకుంటూ పోవడం ఒక్కటే గుర్తుంది.

మిగిలిన సాళ్ల నడుమ గట్టులో బొరియ కనబడింది. లోపల కళ్లు తెరవని పిల్లలు నాలుగు. భార్య చేతి నుంచి రక్తం కారుతుండగానే ముకద్దం ఆ బొరియ మీద చెరుకాకు కప్పాడు. నా వైపు ఒక్కసారి చూసి, "ఇగ బందు" అని అందర్నీ పంపేశాడు. మిగిలిన నాలుగు సాళ్లు అలాగే ఉన్నాయి.

నేను ఆమెను మోటారు దగ్గరికి తీసుకుపోయి, సబ్బుతో చెయ్యి చాలాసేపు కడిగించాను. కారం పెడదామని ఒకావిడ అంటే వద్దన్నాను. నేను రక్తం చూడలేను, అది పూర్తిగా పోయేదాకా కడిగిస్తూ కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ తెలిసి చేసింది కాదు.

అంతలో పక్క సెక్షన్ ఫీల్డుమన్ వచ్చాడు. నా కంటే పన్నెండేళ్లు సీనియరు, అన్నా అని పిలిచేవాణ్ణి. లౌక్యం తెలిసిన మనిషి. సంగతంతా విని నన్ను పక్కకు లాగాడు.

"నక్క అని ఎవ్వలకు చెప్పకు. మా దిక్కు ఒకసారి ఇట్లనే పిచ్చినక్క అని పుకారు లేసింది. తెల్లారేసరికి ఒక్క గుడిసె లేదు. బండ్లు కట్టుకొని అందరు ఎల్లిపోయిండ్రు. చెరుకు ఎండిపోయింది, ఫీల్డుమన్‌ను సస్పెండ్ చేసిండ్రు. నువ్వు రెండు దిక్కుల నుంచి కొట్టిచ్చినవని తెలిస్తే నీదీ గదే గతి. కుక్క అను. ఊళ్లె కుక్కలు కరవయా?"

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. అబద్ధం ఆడమని మనకు ఎవరైనా చెప్పేటప్పుడు అది అబద్ధంలా ఉండదు. జాగ్రత్తలా ఉంటుంది, మన మంచి కోరే పెద్దమనిషి గొంతులో ఉంటుంది. నేను తల ఊపాను.

ఆమెను, ముకద్దాన్ని లారీలో ఎక్కించుకొని బోధన్ సర్కారు దవాఖానకు పోయాను. డ్యూటీలో ఉన్నది ఒక డాక్టరమ్మ. చెయ్యి తిప్పి చూసి, కలం తీసింది.

"ఏం కరిచింది?"

"కుక్క" అన్నాను. మొగుడూ పెళ్లామూ నా పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్లు మాట్లాడలేదు. వాళ్లకు తెలుగు బాగా వచ్చని తెలిసీ, అర్థం కాలేదేమో అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

"ఊరకుక్కా, పెంచుకున్నదా?"

"తోట రైతుది. కట్టేసి ఉంది." లేని కుక్కకు యజమానినిచ్చి, తాడు కూడా వేశాను.

"అయితే కొంత నయమే. పది రోజులు ఆ కుక్కను గమనించండి. మంచిగ తింటూ ఉంటే సూదులు అవసరం లేదు. ఏమాత్రం తేడా కనిపించినా, చచ్చిపోయినా, ఆ నిమిషమే ఈమెను తీసుకురండి. ఆలస్యం చేస్తే ఆ జబ్బుకు మందు లేదు."

ధనుర్వాతం సూది ఒకటి వేసి, కట్టు కట్టి పంపారు. బయటికి వచ్చాక నాకు మొదట హాయిగా అనిపించింది. అప్పట్లో పిచ్చికుక్క సూదులంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు. ఆమెకు ఆ బాధ తప్పించానని కూడా నాకు నేను చెప్పుకున్నాను. వాళ్లను గుడిసె దగ్గర దింపి, లూనా తోసుకుంటూ ఇంటికి వచ్చేటప్పుడు ఆ హాయి పోయింది. గమనించమన్న కుక్క ఎక్కడుంది?

శుక్రవారం పొద్దున్నే వాగు ఒడ్డుకు పోయాను. డాక్టరమ్మ కుక్కను చూడమంది, నేను నక్క అడుగులు చూస్తున్నాను. బొరియ ఖాళీ. రాత్రి వచ్చి నాలుగు పిల్లల్నీ తీసుకుపోయింది. బురదలో అడుగులు వాగుకు, బొరియకు మధ్య వస్తూ పోతూ ఉన్నాయి. ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. పిచ్చి పట్టిన నక్క పిల్లల్ని మోస్తుందా? మోయదు. తల్లి గనుక కరిచింది, అంతే. గట్టు మీద కూర్చొని బీడీ వెలిగించాను. శనివారం మళ్లీ పోయాను. వాగు అవతల ఇసుకలో తాజా అడుగులున్నాయి. ఇదిగో బతికే ఉంది అనుకున్నాను. కానీ నక్కల అడుగులన్నీ ఒకేలా ఉంటాయి. ఇది ఆ నక్కే అని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కణుపు చూసి జంతువు పేరు చెప్పే నా పాండిత్యమంతా అక్కడికి ఆగిపోయింది.

ముకద్దం గుడిసె వైపు రెండు రోజులూ పోలేదు. దూరం నుంచి చూశాను. ఆమె కట్టు కట్టిన చేత్తోనే చెరుకాకు దులుపుతోంది. ఇంట్లో అన్నం సహించక, ఎండకు తిరిగానని మా ఆవిడకు చెప్పాను. అదీ అబద్ధమే. ఒకటి మొదలుపెడితే తోడు కావాలంటుంది.

ఆదివారం ప్రార్థనకు పోకుండా మళ్లీ వాగుకే పోయాను. వాగు మీద కాకులు గుంపుగా తిరుగుతున్నాయి. పిల్లకాలువ మలుపులో ఒక నక్క చచ్చి పడి ఉంది. ఎవరైనా ఎలుకల మందు పెట్టారో, ఊరి కుక్కలు చంపాయో, ఇంకేమైనానో తెలియదు. పాలిచ్చే ఆడదా కాదా అని చూద్దామని వంగాను. కాకులు అప్పటికే పొట్ట చీల్చేశాయి. మేకల్ని నీళ్లకు తోలుకొచ్చిన కాపరి ఒకడు పక్కన నిలబడి, "రెండు దినాల సంది గిక్కడనే తూలుకుంట తిరిగింది సార్, నీళ్లు తాగనీకి వచ్చి తాగకనే పోయింది" అన్నాడు.

పిచ్చి పట్టిన జంతువు నీళ్లు తాగదని అందరికీ తెలిసిన మాటే. ఇది ఆ నక్క కాదేమో. అవునేమో. ఆ "ఏమో" మీద ఒక మనిషిని మూడు రోజులు ఉంచాను. ఉద్యోగం పోతే ధర్పల్లి వెళ్లి మా బాపులాగే కూలి చేసుకుంటాను. ఈమె పోతే నేనేం చేసుకుంటాను? లూనా ఎక్కి నేరుగా గుడిసెల దగ్గరికి పోయాను.

ఆమె గుడిసె ముందర కూర్చొని ఉంది, ముకద్దం ఎడ్లకు నీళ్లు పెడుతున్నాడు. "దవాఖానకు పోదాం" అన్నాను. ఎందుకని ఇద్దరూ అడగలేదు. ఆమె లేచి వచ్చింది. ఆయన బండి కట్టాడు.

డాక్టరమ్మ ఆ రోజూ డ్యూటీలో ఉంది. నేను నిలబడే చెప్పాను: అది కుక్క కాదు, నక్క. కట్టేసిన కుక్క అసలు లేనే లేదు. ఇవాళ ఒక నక్క చచ్చి కనబడింది. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది.

"మీరు చదువుకున్నవారేనా?"

"అవునండి."

"అడవి జంతువు కరిస్తే గమనించేదేం ఉండదు, అదే రోజు మొదలుపెట్టాలి. మణికట్టు మీద కాటు! మూడు రోజులు! ఆమెకేమన్నా అయితే నక్క చంపింది అనరు, మీరు చంపారంటారు. నేనైతే అదే రాస్తా."

రాయమన్నాను. డాక్టరమ్మ పాత రాత కొట్టేసి, పైన "నక్క" అని రాసి, కింద నా సంతకం పెట్టించింది. అప్పుడే మొదటి సూది వేశారు.

మిగిలిన పదమూడు రోజులూ ఆమె పొద్దున చెరుకు లారీ క్యాబినులో కూర్చొని బోధన్ పోయేది. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి, దవాఖానకు నడిచి, సూది వేయించుకొని, ఖాళీ లారీలో తిరిగి వచ్చేది. నేను గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. అయిదో సూదికి పొట్ట వాచింది. ఎనిమిదో సూది నాడు క్యాబిను నుంచి దిగలేక డ్రైవరు చెయ్యి పట్టుకుంది. నా తోటి ఫీల్డుమన్లకు మాత్రం ఇదంతా వేళాకోళమైంది. "నక్క తోక తొక్కితే అదృష్టమంటరు, నువ్వేమో ఆమెతోని నక్కనే తొక్కిచ్చినవ్" అని ఒకడు అన్నాడు. వాణ్ణి కొట్టబోయాను. తర్వాత ఆలోచిస్తే, వాడన్నదాంట్లో తప్పేం కనబడలేదు.

పక్క సెక్షన్ అన్న భయపెట్టినట్టు గుడిసెలు ఖాళీ కాలేదు. మాట పాకిన రోజే మిగతా ముఠాల పెద్దలు వచ్చి ముకద్దాన్ని అడిగారట. "పిచ్చిది కాదు, బాలింతది. మేమే దాని ఇంటి మీద పడ్డం" అని ఆయన చెప్పాడట. వాళ్లు వెళ్లి పని చేసుకున్నారు. సస్పెండ్ కూడా కాలేదు. ఆఫీసరు నన్ను పిలిచి, రెండు వైపుల నుంచి నరకమని తను చెప్పలేదని నాతో కాగితం రాయించుకొని, మెమో ఇచ్చాడు. అది నిజమే, ఆయన చెప్పలేదు. మరుసటి సీజను ఒక్కదానికి తోటల నుంచి తప్పించి యార్డులో బండ్లు తూచే కాటా దగ్గర వేశారు. నేను మూడు రోజులు భయపడింది ఈ కాస్తకే.

పద్నాలుగో సూది అయిన వారానికి సీజను ముగిసింది. బండ్లు కట్టుకొని ముఠా వెళ్లిపోయింది. నేను డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఇక ఫరవాలేదా అని అడిగాను. ఆలస్యంగా మొదలుపెట్టాం కదా, నెలల తర్వాత కూడా బయటపడవచ్చు, దేవుడి దయ అంది.

ఆ ఎండాకాలం, ఆ వానాకాలం నేను ఎలా గడిపానో మా ఆవిడకు తెలుసు. వాళ్ల ఊరు సరిహద్దు దాటి ఎక్కడో లోపల. ఫోన్లు లేవు. నాందేడ్ బస్సుల కండక్టర్లను అడిగేవాణ్ణి, ఎడ్ల సంతకు వచ్చే బేరగాళ్లను అడిగేవాణ్ణి. ఒకాయన ఆ దిక్కు ఎవరో ఆడమనిషి నీళ్లంటే భయపడి చచ్చిపోయిందని విన్నానన్నాడు. ఏ ఊరంటే తెలియదన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పట్టేది కాదు. మా చిన్నది లేచి, నాన్నా నువ్వు కూడా గుడ్లగూబవా అని అడిగింది.

కార్తీకం దాటాక ముఠాలు రావడం మొదలైంది. తోటలు నావి కావు గనుక ఎవరొచ్చారో నాకు తెలియదు. దగ్గరి తోటల చెరుకు ఎడ్లబండ్ల మీదే వస్తుంది, కాటా దగ్గర కూర్చొని వచ్చిన ప్రతి బండినీ చూసేవాణ్ణి. వారం తర్వాత ఒక మధ్యాహ్నం వరుసలో ముకద్దం కనిపించాడు. ఎడ్ల పక్కన ఒంటరిగా నడుస్తున్నాడు. భార్యాభర్తలు బండితోపాటు కలిసే వస్తారు, ఒక్కరే రావడం ఉండదు. బండి కాటా మీదికి ఎక్కుతుంటే చక్రం వెనక్కి దొర్లింది. వెనక నుంచి ఒక చెయ్యి చక్రం కింద రాయి పెట్టింది. "ఏం సార్, లూనా పాయె, కుర్సీ అచ్చె" అని ఆమె గొంతు వినిపించింది.

నేను లేచి బయటికి వెళ్లాను. తొమ్మిది నెలలుగా దాచుకున్నది అక్కడే, వరుసలో బండ్లు ఆగి ఉండగానే చెప్పేశాను. డాక్టరమ్మకు కుక్క అని అబద్ధం చెప్పాననీ, నా కొలువు కోసం ఆమె ప్రాణాన్ని మూడు రోజులు పణం పెట్టాననీ చెప్పాను. ఆమెకు తెలియాలి కదా.

"గది నాకెరికే సార్" అంది ఆమె. "నాకు తెలుగు రాదా? నువ్వు కుక్క అనంగనె నేను నోరు తెరిసిన, మా ఆయన నా చెయ్యి గట్టిగ పట్టిండు. బయటికచ్చినంక కొట్లాడిన. సార్ పిల్లలున్నోడు, మనం చెప్తె కొలువు పోతది, తనంతల తనే వస్తడు, ఆగు అన్నడు. ఎన్ని దినాలు ఆగాలె అన్న. అయిదన్నడు. నేను మూడే ఇచ్చిన. ఆ ఐతారం పొద్దుగాల తానం జేసి, ఉతికిన చీర కట్టుకొని, నేనే పోయి చెప్తనని కూసున్న. గంతల నీ బండి సప్పుడు ఇనొచ్చింది."

ఆ రోజు ఆమె కట్టుకున్న చీర నాకు గుర్తొచ్చింది. అంగడికి బయల్దేరిందేమో అనుకున్నాను అప్పుడు.

ముకద్దం ఎడ్ల తాడు సర్దుతూ, మా మాటలు తనవి కానట్టు అటు చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. వెనక బండ్లవాళ్లు తొందరపెడుతున్నారు. లోపలికి వచ్చి కూర్చుంటే కాటా ముల్లు ఎక్కడ ఆగిందో కనిపించలేదు. పక్కనున్న గుమాస్తాను చదవమని, ఆయన చెప్పిన అంకె రాసుకున్నాను.